సమస్య (ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి): రాజగోపాలు చెంత భైరవియె నిలిచె (తేటగీతి)

సమస్య ఇచ్చినవారి మాట: రాజగోపాలుడంటే కృష్ణుడు కదా, రుక్మిణి ఉండాల్సిన చోట భైరవి ఏమిటని కంగారు పడకండి, ఈ భైరవి రాగం పేరు. తంజావూరు మరాఠా ప్రభువుల ఆస్థానంలో పచ్చిమిరియం ఆదియప్పయ్య ఉండేవారు. 18వ శతాబ్దపు సంగీత విద్వాంసుడు, వాగ్గేయకారుడు శ్యామశాస్త్రికి గురువు. భైరవి రాగంలో ఆయన చేసిన 'విరిబోణి' వర్ణం (కర్ణాటక సంగీతంలో ఒక రచనారకం) నేర్వని సంగీత విద్యార్థి ఉండడు. చేసినదెవరో మాత్రం చాలామందికి తెలియదు. ఈ పూరణల్లోనైనా ఆయన పేరు వినబడాలని నా కోరిక.

మొదటి పూరణ

ఆదియప్పయ్య వర్ణాన నాటతాళ
గతుల విరిబోణి వలపును గానమందుఁ
దెలుపఁ బూనగ రాగమై తీపులూర
రాజగోపాలు చెంత భైరవియె నిలిచె.

రెండవ పూరణ

ధైవతమ్ములు రెండింట దానె మెఱసి
పైకి నొకదాన, దిగుచోటఁ బరచి యొకటి
శ్యామశాస్త్రికి గురువైన సరసు కృతిని
రాజగోపాలు చెంత భైరవియె నిలిచె.

సమీక్ష: మొదటిది హాయిగా నడిచింది. ఆ వర్ణంలో నాయిక మనసును మన్నారుగుడి రాజగోపాలుడికి చెప్పడమే అసలు విషయం. ఆమె 'విరిబోణి'గా పద్యంలో ఉంది, చెప్పే పని రాగం తీసుకుంది. సమస్య విడిపోయింది. 'వర్ణాన' వ్యావహారికం, 'వర్ణమందాటతాళ' అంటే గణాలూ యతీ చెడవు. అప్పుడు రెండో పాదం చివర 'గానలహరిఁ' అని మార్చండి, 'అందు' రెండుసార్లు రాదు.

రెండవవారికి సంగీతం బాగా తెలుసు. ధైవతం అంటే 'ద' స్వరం. భైరవిలో స్వరాలు ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం, రెండు రకాలూ వస్తాయి. దాన్ని తేటగీతిలో పెట్టడం మాటలు కాదు, నాకు ముచ్చటేసింది. కానీ రెండో పాదం క్రియ లేక తేలిపోయింది. పైగా విరిబోణి వర్ణం కదా, కృతి అనేది సంగీతంలో వేరే రకం, 'కృతిని' అంటే పాడేవాళ్లు ఒప్పుకోరు. 'సరసు రచన' అనవచ్చు. నాయిక ఊసే లేకపోవడం పెద్ద లోటు.

ఒక సభ్యులు: తంజావూరులో తెలుగు సాహిత్యమా?

జవాబు: అవునండీ. నాయకరాజుల నాటి నుంచీ అక్కడ పాటకు తెలుగే. మరాఠాలు వచ్చాకా ఆ మర్యాద పోలేదు.

మరొకరు: ఈ వర్ణం నడిచే ఆటతాళం లెక్క చెప్పరా?

జవాబు: తాళంలోని భాగాలు ఇవి: అయిదేసి అక్షరాల లఘువులు రెండు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, మొత్తం 14. తాళం ఒక చుట్టు (ఆవర్తనం) అంత పొడుగు కాబట్టే నాయిక మాట నింపాదిగా సాగుతుంది. 'చిరునవ్వు మోమున' అనే చరణం దగ్గర గమనించండి. మూడో పూరణ ఎవరైనా ఆ చరణం పట్టుకుని రాస్తే బాగుంటుంది, సమస్య పాదంలో యతి స్థానాన 'ర' ఉండనే ఉంది.