పారిస్ గోడ మీది ఫలకం: గెర్నికాను ‘గీసెను’ అనాలా, ‘వేసింది ఇక్కడే’ అనాలా?

పారిస్‌లో గ్రాంజ్-ఓగుస్తాఁ వీధి 7వ నంబరు ఇంటి గోడ మీద ఉన్న ఫ్రెంచి ఫలకాన్ని ఒక మిత్రులు తెనిగించి మన అభిప్రాయం కోరారు. వారి పాఠం ఇది: “పాబ్లో పికాసో 1936 నుండి 1955 వరకు ఈ భవనమున నివసించెను. ఈ చిత్రశాలలో 1937లో గెర్నికాను గీసెను. బాల్జాక్ తన ‘అజ్ఞాత కళాఖండం’ కథను కూడ ఇచ్చట స్థాపించెను.” (గెర్నికా పికాసో వేసిన పేరుపొందిన చిత్రం. బాల్జాక్ పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి కథకుడు.) భావం తెలుస్తున్నది. అయినా కొన్ని మాటల దగ్గర ఆగవలసి ఉంది.

పైన శీర్షికగా వారు ‘శిలాఫలకం’ అని పెట్టారు. మనకు శంకుస్థాపనల వల్ల ఆ మాట నోటికి అలవాటైంది కాని, లండన్‌లో ప్రముఖుల ఇళ్లకు పెట్టే నీలి ఫలకాల వంటివి పింగాణీవి. వాటిని శిల అనలేము. ఒట్టి ‘ఫలకం’ చాలు. పైగా చిత్రకారుడి ఇంటికి అంతకంటె తగిన మాట దొరకదు. సంస్కృతంలో ఫలకమంటే చెక్క పలక. బొమ్మ వేసే పలక చిత్రఫలకం. శాకుంతలం ఆరవ అంకంలో దుష్యంతుడు తాను వేసిన శకుంతల బొమ్మను తెప్పించుకునేది చిత్రఫలకం మీదనే. మన బడిపిల్లల ‘పలక’ కూడా ఆ మాటకు వికృతే.

‘నివసించెను’ అన్నది గ్రాంథికం కావడం ఒక్కటే అభ్యంతరం కాదు. ఫ్రెంచిలో ఒకరి గురించి చెప్పే ప్రథమపురుష క్రియలో గౌరవం, చనువు అనే తేడా లేదు. తెలుగులో నివసించాడు, నివసించారు అని ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. విమర్శవ్యాసంలో పికాసోను ‘డు’తో రాసినా ఎవరూ తప్పుపట్టరు గాని, గోడ మీద పెట్టేది పౌరగౌరవం కనుక ‘నివసించారు’ అనడమే మర్యాద. (జీవితచరిత్రలు చాలావరకు ఆయన ఆ పై అంతస్తులను 1937 ఆరంభంలో అద్దెకు తీసుకున్నారనీ, మొదట్లో కాపురం వేరే వీధిలోనే ఉండేదనీ చెబుతాయి. అయినా ఫలకంలో ఉన్న సంవత్సరాన్ని సరిదిద్దడం అనువాదకుడి పని కాదు.)

ఫ్రెంచిలో ఉన్నది ‘అతలియే’, అంటే చిత్రకారుడు పనిచేసే చోటు. చిత్రశాల అనగానే మనకు బొమ్మలను ప్రదర్శనకు పెట్టిన చోటు తోస్తుంది. కార్యశాల ఇప్పుడు సదస్సుల పాలైంది. స్టూడియో అంటే పాస్‌పోర్టు ఫొటోలు గుర్తుకొస్తాయన్న మాట నిజమే గాని, పక్కన చిత్రకారుడి పేరు ఉన్నప్పుడు ఆ భ్రమ నిలవదు. నేను స్టూడియోకే ఓటు వేస్తాను.

అసలు చిక్కు రెండవ వాక్యానిది. ఫ్రెంచి వాక్యం “ఈ స్టూడియోలో వేశారు” అని ఊరుకోలేదు. “వేసింది ఈ స్టూడియోలోనే” అని చోటును ఎత్తి చూపిస్తున్నది. తెలుగులో దీనికి కొత్త నిర్మాణమేదీ కల్పించనక్కరలేదు. క్రియను ‘వేసింది’ అని నామంగా మార్చి, చోటును చివరికి తెచ్చి ‘ఏ’ తగిలిస్తే అదే బలం వస్తుంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1937 ఏప్రిల్ 26న సేనాని ఫ్రాంకోకు తోడుగా వచ్చిన జర్మన్, ఇటాలియన్ విమానాలు గెర్నికా పట్టణాన్ని కూల్చగా, మే 1న చిత్తు బొమ్మలతో మొదలై, దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల డెబ్బై ఆరు సెంటీమీటర్ల పొడవు గల ఆ చిత్రం తయారైన గది గోడ వెనుకనే ఉన్నదని బాటసారికి చెప్పడమే ఆ వాక్యం చేసే పని. ‘చిత్రశాలలో గీసెను’ అంటే అది కాస్తా సమాచారమై చప్పబడిపోతుంది.

ఇక ‘గీయడం’ గీతలకు సరిపోతుంది. రంగుల బొమ్మను మనం వేస్తాం, పూర్వులు వ్రాసేవారు కూడా. కాని ‘వేయడం’ చెల్లని చోటు ఒకటుంది. జర్మన్ ఆక్రమణ కాలంలో ఆ స్టూడియోకు వచ్చిన ఒక అధికారి గెర్నికా ఫొటోను చూసి అడిగిన ప్రశ్న, పికాసో ఇచ్చిన జవాబు లోకంలో కథగా చెప్పుకుంటారు. “ఇది వేసింది మీరేనా?” అని తెనిగిస్తే “కాదు, మీరే” అన్న జవాబు పొసగదు, అధికారి బొమ్మ వేయలేదు కదా. “ఇది చేసింది మీరేనా?” అంటేనే ఆ మాట బొమ్మకూ, బాంబులకూ రెండింటికీ అతుకుతుంది.

మూడవ వాక్యంలో ‘స్థాపించెను’ మాత్రం కుదరదు. సంస్థలను స్థాపిస్తాం, కథలను కాదు. కథ ఎక్కడో జరుగుతుంది. పికాసో ఆ కథకు బొమ్మలు వేసిన ప్రతి ఈ ఇంటికి రాకముందే, 1931లో వెలువడింది. తరువాత ఆ కథ జరిగే చోటికే ఆయన వచ్చి చేరారు. ఆ కలయికను చూపేది ‘కూడా’ కనుక, ఆ మాటను వదలకూడదు.

నా పాఠం: “పాబ్లో పికాసో 1936 నుంచి 1955 వరకు ఈ భవనంలో నివసించారు. 1937లో ఆయన ‘గెర్నికా’ను వేసింది ఈ స్టూడియోలోనే. బాల్జాక్ ‘ఎవరూ ఎరుగని కళాఖండం’ కథ జరిగేది కూడా ఇక్కడే.”