వానలు వెనకబట్టినా ఇంట్లో ముక్క వాసన: స్ప్రేలు లేకుండా ఏం చేయాలి?

ప్రశ్న: కాకినాడ_కింది_వాటా

మాది కాకినాడలో కింది వాటా. రెండు గదులు, ఉత్తరపు గోడకి ఎండ అసలు తగలదు. ఆశ్వయుజం వచ్చినా బీరువా తీస్తే ముక్క వాసన, వెనక స్నానాలగది దగ్గర మరో రకం కంపు. కార్తీకం నెల్లాళ్ళూ దీపాలు, పూజలు, చుట్టాల రాకపోకలు ఉంటాయి. ఏడాదిన్నర పిల్లాడున్నాడు కాబట్టి స్ప్రేలు వద్దనుకుంటున్నాం. సాంబ్రాణి వేస్తే పొగ నల్లగా వస్తోంది, గంటకే మళ్ళీ అదే వాసన. పొరపాటు ఎక్కడ? వట్టివేళ్ళు, బత్తాయి తొక్కలు పనికొస్తాయా? ఏది ఎంత వాడాలో చెప్పండి.

బత్తాయి_తొన

గిన్నెలో లీటరు నీళ్ళు పోసి రెండు బత్తాయిల తొక్క, అంగుళం దాల్చినచెక్క ముక్కలు రెండు, ఆరు లవంగాలు, నాలుగు యాలకుల పొట్టు వేయండి. తెర్లగానే మంట బాగా తగ్గించి 40 నిమిషాలు ఉంచితే చాలు. తొక్క లోపలి తెల్లపొర గోకేయాలి, లేకపోతే చేదు వాసన ముందుకొస్తుంది. గిన్నెని వదిలి వెళ్ళకండి, నీళ్ళు ఇగిరి తొక్క అడుగంటితే ఆ మాడు వాసన రెండు రోజులు పోదు. యాలకుల గింజలు టీకి దాచుకోండి, వాసనకి పొట్టు చాలు.

నివురు

పై పద్ధతి మంచిదే కానీ హైదరాబాదులో, అదీ వానలు పూర్తిగా వెళ్ళాక. కాకినాడలో ఇప్పుడు వద్దండీ. లెక్క చూడండి: పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు. 28 డిగ్రీల దగ్గర ఆ గదిలోని గాలి మొత్తం పట్టుకోగలిగే తేమ సుమారు 900 గ్రాములు. అందులోకి మీరు అర లీటరు ఆవిరి వదిలితే, అది వెళ్ళి చల్లగా ఉన్న ఆ ఉత్తరపు గోడ మీదే దిగుతుంది. ముక్క వాసన పుట్టేది బూజు వల్ల, బూజు బతికేది తేమ మీద. పైగా కోస్తాకి ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా మిగిలే ఉన్నాయి.

కాబట్టి ముందు వాసన పుట్టేచోట్లు చూడండి. బీరువాని గోడకి నాలుగంగుళాలు ఎడంగా జరపండి, వెనక గాలి ఆడాలి. గోడ మీద బూజుని పొడిగుడ్డతో దులిపితే ఇల్లంతా చిమ్ముతుంది. మాస్కు పెట్టుకుని, సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను వేసి ఆరబెట్టండి. కిటికీలు తెల్లవారుజామున కాదు, ఎండ ఉన్న రోజు పదకొండు నుంచి మూడు దాకా తీసిపెట్టండి. ముసురు పట్టిన రోజు మూసే ఉంచండి.

స్నానాలగది కంపు వేరే సంగతి. ఆ గది రోజూ వాడుతున్నారా? నీళ్ళు పోయే జాలీ ఎత్తి చూడండి. కింద నహానీ ట్రాపులో ఒక గిన్నె బోర్లించి ఉంటుంది. దాని అంచు నీళ్ళలో మునిగి ఉంటేనే డ్రైనేజీ గాలి పైకి రాకుండా ఆగుతుంది. వాడని గదిలో ఆ నీళ్ళు ఆరిపోతాయి. లేదా కడిగినప్పుడు గిన్నె బయటికి తీసి మళ్ళీ పెట్టడం మర్చిపోయి ఉంటారు. చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. గిన్నె సరిగా కూర్చోబెట్టి రెండు చెంబుల నీళ్ళు పోయండి. అక్కడ ఎంత ధూపం వేసినా దండగ.

ఇక సాంబ్రాణి. పొగ నల్లగా వస్తోందంటే నిప్పు ఇంకా పచ్చిగా ఉంది, లేదా సాంబ్రాణి ఒక్కసారే గుమ్మరిస్తున్నారు. ధూపం కుండలో అంగుళం మందాన ఇసుక పోయండి. ఎండిన కొబ్బరి చిప్ప ముక్కల్ని ఆరుబయట కాల్చి, మంట పూర్తిగా ఆగి, పైన తెల్లగా నివురు పట్టాకే లోపలికి తేవాలి. మంట ఉండగా వేస్తే సాంబ్రాణి అంటుకుని మాడిపోతుంది. సాంబ్రాణి 100 గ్రాములు, మహిసాక్షి (గుగ్గులు బంక) 25, వట్టివేళ్ళ పొడి 25 కలిపి పెట్టుకోండి. బంకలు రెండూ రోట్లో రవ్వలా దంచాలి. మిక్సీలో వేస్తే వేడికి కరిగి బ్లేడుకి పట్టుకుంటాయి. నిప్పు మీద పావు చెంచా వేయండి, పొగ సన్నబడ్డాక ఇంకో పావు. పది నిమిషాలు చాలు.

దవనం_మరువం

బీరువాకి ధూపం వద్దు, పొగ బట్టలకి పడుతుంది. వట్టివేళ్ళు అక్కడ వాడండి. పచారీ కొట్టులో కొన్నవాటికి మట్టి ఉంటుంది, రెండు నీళ్ళలో గబగబా జాడించి తీసేయండి, నానబెడితే వాసన నీళ్ళపాలే. గంటసేపు ఎండలో, ఆపైన రెండు రోజులు నీడలో ఆరబెట్టి, చుట్టగా చుట్టి పల్చటి నూలుగుడ్డలో కట్టండి. అరకి 50 గ్రాములు. తడి ఉండగా పెడితే అవే బూజు పడతాయి. వాసన మందగిస్తే చేత్తో నలిపి కాసేపు ఎండ చూపించండి.

మొగలిపొత్తు దొరికితే వదలకండి. తెల్లటి రేకుల అంచుల ముళ్ళు కత్తిరించి, ఒకరోజు నీడకి పెట్టి, కాగితంలో చుట్టి పట్టుచీరల మడతల మధ్య ఉంచండి. కాగితం లేకపోతే మరక పడుతుంది. దవనం, మరువం కట్టలు తలకిందులుగా వేలాడదీసి ఎండబెట్టినా వాసన బాగా నిలుస్తుంది.

కాకినాడ_కింది_వాటా

జాలీ ఎత్తి చూశానండీ, గిన్నె పక్కన పడి ఉంది! పెట్టాను. నివురు గారూ, బట్టల్లో కర్పూరం గానీ కలరా ఉండలు గానీ వేయొచ్చా? పిల్లాడుండగా ధూపం పర్లేదా?

నివురు

కలరా ఉండలు ఇంట్లోనే వద్దండీ. అవి నాఫ్తలీన్‌వి, జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకి ఆ ఆవిరికే రక్తకణాలు విరిగిపోవచ్చు. కర్పూరం కొంచెం మింగినా చిన్నపిల్లలకి ఫిట్స్ రావచ్చు, కాబట్టి పూజ వరకే, అదీ డబ్బాలో పెట్టి పై అరలో. ధూపం పిల్లాడు లేని గదిలో, ఒక కిటికీ తెరిచి వేయండి. పొగ ఆగాక అరగంట గాలి ఆడనిచ్చి అప్పుడు రానివ్వండి. నిప్పులున్న కుండని తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ ఉంచకండి, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు.

దీపాల సంగతి కూడా: నూనె ఇంకిపోయి దానంతటదే కొండెక్కితే ఒత్తి మాడి కమురు వాసన గదంతా పట్టేస్తుంది. ప్రమిదలో నూనె ఇంకా కొంచెం ఉండగానే పుల్లతో ఒత్తిని నూనెలోకి నెట్టేయండి.