అడవిలో పిల్లలు తప్పిపోతే ఏం నేర్పాలి? మీ అనుభవాలు చెప్పండి

నంద్యాల అమ్మ:
గత నెల ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి సన్నిధికి నడుస్తున్నప్పుడు, ఎనిమిదేళ్ల మా పాప అరగంట సేపు కనబడలేదు. వాళ్ల నాన్నతో ముందు వెళ్లిందని నేను, నాతో వెనుక వస్తోందని ఆయన అనుకున్నాం. దారికి కాస్త లోపల ఒక చెట్టును రెండు చేతులతో వాటేసుకుని కనిపించింది. బుగ్గ మీద బెరడు గీతలు అచ్చు పడ్డాయి. ఎవరూ నేర్పలేదు, భయంతో పట్టుకుంది. ఇప్పటికీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాను. ముందుగా ఏం నేర్పి తీసుకెళ్లాలో చెప్పండి.

శాన్ డియాగో ప్రవాసి:
అమ్మా, మీ పాప సరైన పనే చేసింది. 1981లో ఇక్కడి పాలమార్ కొండ మీద తొమ్మిదేళ్ల బాబు తప్పిపోయి చలికి చనిపోయాడు. ఆ తర్వాతే ఇక్కడ పిల్లలకు ‘చెట్టును పట్టుకో’ అని నేర్పడం మొదలుపెట్టారు. కదిలేకొద్దీ వెతకవలసిన చోటు పెరుగుతుంది. ఒకే చోట ఉంటే త్వరగా దొరుకుతారు. మేము బయలుదేరే ముందు మడత పెట్టిన తువ్వాలు మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి, పిల్లల చేత బూటుతో ఒక అడుగు వేయిస్తాం. ఆ అచ్చు ఉంటే వెతికేవాళ్లు జాడ గుర్తుపట్టగలరు. ఆ ఉదయం వేసుకున్న బట్టలతో ఒక ఫోటో కూడా తీస్తాం.

నాగర్‌కర్నూల్ మాస్టారు:
మా అనుభవం వేరు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లినప్పుడు లోయలోకి దిగే దారిలో జనం తోపులాటలో మా అబ్బాయి విడిపోయాడు. ఒక చెంచు పెద్దాయన వెంటనే వెతకడానికి బయలుదేరి, వాడి పేరు పెట్టి పిలుస్తూ వాడు దాక్కున్న పొద పక్కనుంచే రెండుసార్లు వెళ్లారట. వీడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు! ‘తెలియనివాళ్లు పిలిస్తే పలకకు’ అని రోజూ చెప్పింది మేమే. చివరికి వాళ్లమ్మ గొంతు విని బయటికి వచ్చాడు. ఇప్పుడు మా ఇంట్లో ఒక రహస్య మాట ఉంది. అడవిలో తప్పిపోయినప్పుడు ఎవరు పిలిచినా గట్టిగా పలకాలని, ఆ మాట వినబడితే దగ్గరికి కూడా వెళ్లాలని చెప్పాం. అయినా ముందు పలకడమే ముఖ్యం.

తలకోన బాటసారి:
మాస్టారు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘వాగు వెంట కిందికి నడిస్తే ఊరు వస్తుంది’ అని చాలామంది చెబుతారు. శేషాచలం కొండల్లో ఆ సలహా ప్రాణం తీస్తుంది. వాగు ఉన్నట్టుండి నిలువు బండ అంచున జలపాతమై పడిపోతుంది. నాచు పట్టిన రాయి మీద పెద్దవాళ్లకే కాలు నిలవదు. ఆగిపోవడమే మేలు.
పిల్లల మెడలో ఈల వేయండి. మూడుసార్లు ఊది, ఆగి, వినమనండి. పెద్దలు ఫోనులో సిగ్నల్ లేదని వదిలేయకుండా 112కు ప్రయత్నించండి. అక్కడ వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే దాని మీదుగా కలిసే వీలుంది. వేసవిలో మాత్రం మంట వేయకండి, ఎండుటాకులు క్షణాల్లో అంటుకుంటాయి.

నంద్యాల అమ్మ:
మరి జంతువులు? 2023లో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్న విషయం మనసులోంచి పోవడం లేదు.

తలకోన బాటసారి:
ఆ తర్వాతే చిన్న పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక ఆ దారిలో పంపకూడదని నిబంధన పెట్టారమ్మా. ఏ అడవిదారికైనా అదే పాటించండి, పొద్దు వాలకముందే వెనక్కి రండి. పిల్లలు ఇద్దరు పెద్దల మధ్యలోనే నడవాలి, ముందుకు పరుగెత్తనివ్వకండి. చిరుత కనిపిస్తే పరుగెత్తకుండా పిల్లను ఎత్తుకుని, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగండి.

నంద్యాల అమ్మ:
చాలా కృతజ్ఞతలు. నిన్న ఊరి బయట మామిడి తోటలో పాపతో ఈల ఊదించి చూశాం, బాగానే వినిపించింది. చిన్నవాడికి మూడేళ్లే, వాడికి ఇవేవీ అర్థం కావు.

నాగర్‌కర్నూల్ మాస్టారు:
వాడి కాళ్లకు మువ్వల పట్టీలు కట్టండమ్మా. చప్పుడు ఆగితే వెంటనే వెనక్కి తిరిగి చూస్తారు.