సీతంపేట వైపు సవర ఊరు చూడాలంటే ఎలా వెళ్లాలి?

విజీనగరం_వాసి:
నమస్తే అండీ. మాది విజయనగరం. సంక్రాంతి సెలవుల్లో అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతో కొండల్లోకి వెళ్దామనుకుంటున్నాం. ఈసారి అరకు వద్దు, సెలవుల్లో అక్కడ పిల్లలకి కొండల కంటే కార్లే ఎక్కువ కనిపిస్తాయి. సీతంపేట ఏజెన్సీలో ఏదైనా చిన్న సవర గిరిజనుల ఊరు, వాళ్ల గోడబొమ్మలు చూడాలని ఉంది, మా పెద్దాడు బొమ్మలేస్తాడు, వాడికి ఎక్కడో చూసినప్పటి నుంచి ఇదే ధ్యాస. దాంతోపాటు కాస్త కొండెక్కడం, ఒక జలపాతం. అయితే తెలియని ఊళ్లోకి అలా దిగిపోతే వాళ్లకి ఇబ్బంది కాదా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, అమ్మ కూడా చూడగలిగేవి ఏమున్నాయి? పైగా ఏనుగుల వార్తలు చదివి మా ఆవిడ టెన్షన్ పడుతోంది. అటు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాలకొండ_కుర్రాడు:
అన్నా, మీకు రాజాం మీదుగా పాలకొండ, అక్కడి నుంచి సీతంపేట. పాలకొండ దాటాక కాసేపటికే కొండలు రెండు వైపులా దగ్గరకి వచ్చేస్తాయి, రోడ్డు బాగుంటుంది. మెట్టుగూడ జలపాతం సీతంపేటకి దగ్గరే, రోడ్డు నుంచి పెద్దగా నడవక్కర్లేదు, అమ్మగారు కూడా మెల్లగా రాగలరు. కానీ రాళ్లు జారతాయి, పిల్లల్ని వదిలేయకండి. ఆడలి వ్యూ పాయింట్‌కి మాత్రం పొద్దున్నే వెళ్లాలి, జనవరిలో అయితే కింద లోయంతా మంచు కప్పేసి ఉంటుంది, ఎండెక్కితే ఆ అందం ఉండదు. ఆ ఘాట్‌లో మలుపులు గట్టివి, కొండ రోడ్డు అలవాటు లేనివాళ్లు బండి తోలకపోవడమే మంచిది, లోకల్ జీపు మాట్లాడుకోండి. దిగేటప్పుడు గేరులోనే దిగాలి, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే వేడెక్కి పట్టవు.

ఏనుగుల భయం ఉత్తదేం కాదు. 2018లో ఒడిశా వైపు నుంచి వచ్చిన గుంపు మళ్లీ పూర్తిగా వెనక్కి పోలేదు, చెరకు, వరి ఉన్నచోట తిరుగుతూనే ఉంది, మనుషులు కూడా పోయారు. బయల్దేరే ముందు అటవీశాఖ వాళ్లనో, సీతంపేటలో టీ కొట్టు దగ్గరో ఇప్పుడు ఎటున్నాయని అడగండి. చీకటి పడ్డాక చిన్న రోడ్ల మీద తిరగొద్దు, అంతే.

కొండమీద_బడి:
నేను సవర ఊళ్లోనే పుట్టాను, ఇప్పుడు అదే మండలంలో పిల్లలకి చదువు చెప్తున్నాను. ఇబ్బంది కాదా అని ముందే అడిగారు చూడండి, అందుకే ఇంత రాస్తున్నాను.

రావచ్చండి. కానీ నేరుగా ఇళ్ల మధ్యకి ఫోన్లు పట్టుకుని రావద్దు. ముందు ఊరి పెద్దని కలవండి, మేం గొమాంగో అంటాం, ఎందుకొచ్చారో చెప్పండి. తెలిసిన టీచరో, ఆశా కార్యకర్తో ముందురోజే చెప్పి ఉంచితే ఇంకా మంచిది. మా ఇళ్లు వరసగా, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, అరుగు మీద కూర్చోమంటే కూర్చోండి, లోపలికి మాత్రం పిలిస్తేనే.

బొమ్మల సంగతి. చాలామంది వాటిని అలంకారం అనుకుని వస్తారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెల్లదనంతో, కొస నలిపిన పుల్లతో గీస్తారు. చుట్టూ ఒక చట్రం గీసి, అందులో చిన్న చిన్న మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు నింపుతారు. అది చనిపోయిన పెద్దల కోసమో, ఇంట్లో జబ్బు తగ్గాలనో, పంట బాగుండాలనో గీసేది. గీసి వదిలేయరు, దాని ముందు పూజ ఉంటుంది. అందుకే ఇంటివాళ్లు వద్దంటే ఫోటో తీయకండి, చేత్తో తాకకండి. మీ బాబు బొమ్మలేస్తాడన్నారు కాబట్టి వాణ్ని పుస్తకం, పెన్సిల్ తెచ్చుకోమనండి. పక్కన కూర్చుని చూసి గీసే పిల్లాణ్ని మా ముసలివాళ్లు ఎంత ఇష్టపడతారో మీరే చూస్తారు. గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, అవి కొనండి, బేరం ఆడకండి. సరిహద్దుకి అవతల ఒడిశాలో లాంజియా సవరల బొమ్మలకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి కళ అని ప్రభుత్వం ఇచ్చే గుర్తు) వచ్చింది, మా వైపు వేసేవాళ్లకి కూడా ఆ గౌరవం దక్కాలని నా కోరిక.

పిల్లలకి చాక్లెట్లు పంచొద్దు. ఏదైనా ఇవ్వాలనుకుంటే బడికి నోటు పుస్తకాలు ఇవ్వండి. కొండ చీపుర్లు, పసుపు, చింతపండు సంతలో కొంటే ఆ డబ్బు నేరుగా పండించినవాళ్ల చేతికే వెళ్తుంది. చోడి (రాగి) అంబలి ఇస్తే వద్దనకండి. చలికాలం చివర్లో వస్తే కందికొత్తల పండుగ రోజులు, అది అయ్యేదాకా కొత్త కందులు నోట పెట్టం. ఆ రోజుల్లో డప్పులు, ఆటలతో ఊరంతా ఒకచోటే ఉంటుంది.

ముఖలింగం_దారి:
పైన మాస్టారు చెప్పినదాని తర్వాత నేను చెప్పేది చిన్నదే. వచ్చిన దారినే వెనక్కి పోకండి. సీతంపేట నుంచి కొత్తూరు, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, అక్కడి నుంచి వంశధార ఒడ్డునే శ్రీముఖలింగం. గంగరాజుల కాలం గుళ్లు మూడు, మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మధుకేశ్వరాలయం శిల్పం దగ్గర తీరిగ్గా నిలబడండి. స్థలపురాణం సవరలతోనే మొదలవుతుంది: శాపంతో సవరలుగా పుట్టిన గంధర్వులకి ఇప్పచెట్టు మొదట్లో శివుడు ముఖంతో కనిపించాడంటారు. అమ్మగారికి అక్కడ మెట్లెక్కే బాధ కూడా లేదు.

ఇంకో సంగతి, గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన పర్వతాలపేట ముఖలింగం దగ్గరే. తెలుగువాళ్లకి ఆయన వ్యవహారిక భాష గిడుగు, కానీ పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి బడులు పెట్టి, వ్యాకరణం, నిఘంటువు రాశారు. పిల్లలకి ఇది దారిలో చెప్పండి.

విజీనగరం_వాసి:
అందరికీ చాలా థాంక్స్. కొండమీద_బడి గారూ, మా పెద్దాడికి మీరు రాసింది చదివి వినిపించాను, పుస్తకం ఇప్పుడే సర్దేసుకున్నాడు. సవర భాషకి లిపి ఉందా అని అడుగుతున్నాడు. మధ్యలో మా స్నేహితుడొకడు మహేంద్రగిరి ఎక్కమంటున్నాడు, అది కూడా కలుపుకోవచ్చా? రాత్రికి ఊళ్లోనే ఉండొచ్చా?

కొండమీద_బడి:
ఉందండి, 1936లో మంగై గొమాంగో గారు సొరాంగ్ సొంపెంగ్ అని లిపి తయారుచేశారు. మా భాష తెలుగుకి చుట్టం కాదు, ముండా భాషల కుటుంబం. బాబు వస్తే కొన్ని అక్షరాలు నేనే రాసి చూపిస్తాను.

మహేంద్రగిరి ఈసారికి వదిలేయండి. 1501 మీటర్ల కొండ, మందస వైపు నుంచి నడిచి ఎక్కాలంటే అమ్మగారి వల్ల కాదు, హడావిడిగా చూసే చోటు కూడా కాదు. దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి. రాత్రికి సీతంపేటలోనో పాలకొండలోనో గది తీసుకోండి, ఊళ్లో ఎవరైనా ఉండమన్నా సరే, ఉన్న ఒక్క గదీ మీకిచ్చి వాళ్లు బయట పడుకుంటారు. దోమలు ఎక్కువ, మలేరియా ఉంది, నిండు చేతుల చొక్కాలు, దోమల క్రీమ్ తెచ్చుకోండి. నీళ్లు మీవే తెచ్చుకోండి, ఖాళీ సీసాలు మీతోనే తీసుకుపోండి. తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, గొమాంగోకి ముందే చెప్పి ఉంచుతాను.