అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో డబ్బు తేడా, సిబ్బంది తేడా: మైదానంలో మీకు ఎక్కడ కనబడింది?

బ్లాక్స్‌బర్గ్ 08
2025 సెప్టెంబర్‌లో మా వర్జీనియా టెక్ సొంత స్టేడియంలో ఓల్డ్ డొమినియన్ అనే చిన్న కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు) జట్టు చేతిలో 45-26తో ఓడిపోయింది. మర్నాడే కోచ్ బ్రెంట్ ప్రైని తీసేశారు. నెల తిరక్కుండానే, క్రీడా విభాగానికి నాలుగేళ్ళలో అదనంగా 229 మిలియన్ డాలర్లు పెట్టే ప్రణాళికకు బోర్డు సరేనంది. నవంబర్‌లో, పెన్ స్టేట్ తీసేసిన జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తెచ్చుకున్నారు. నేను అక్కడ చదివే రోజుల్లో కోచ్ ఫ్రాంక్ బీమర్ ఏటా పది మ్యాచ్‌లు గెలిపించేవాడు. ఇవాళ ఒక్కసారిగా అంత సొమ్ము కావాల్సి వచ్చిందంటే అన్నేళ్ళూ ఎక్కడో కోత పడుతూ వచ్చిందనేగా అర్థం. ఆ కోత ఆటలో ఎలా బయటపడుతుందో దగ్గర్నుంచి చూసినవాళ్ళు చెప్పండి. ఏ జట్టు గొప్పదన్న గొడవ ఇక్కడొద్దు.

వీడియో గది
ఎమ్మెస్ చేస్తూ ఒక చిన్న కాన్ఫరెన్స్ జట్టుకి వీడియో పని చేశాను, పేరు వద్దులెండి. ప్రత్యర్థి ఆడిన పాత మ్యాచ్‌లు తీసుకుని ప్రతి ప్లేకీ (బంతి కదిలి మళ్ళీ ఆగేదాకా సాగే ఒక్కో ఆట) వివరాలు ఎక్కించాలి: ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకెళ్ళడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు, బంతి ఏ హ్యాష్ గీత మీద ఉంది, ఎంతమంది టైట్ ఎండ్‌లు (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాళ్ళు), ప్లే మొదలయ్యే ముందు ఎవరు మోషన్‌లో కదిలారు, వెనక కవరేజ్ (పాస్‌ని ఆపే అమరిక) ఏమిటి. ఒక్క మ్యాచ్‌లో ఒక వైపే 60, 70 ప్లేలు ఉంటాయి. నాలుగు మ్యాచ్‌లు చూడాలంటే లెక్క మీరే వేసుకోండి. మా దగ్గర ఈ పనికి నేనూ, ఒక గ్రాడ్యుయేట్ అసిస్టెంటూ. అతనే ప్రాక్టీసులో స్కౌట్ టీమ్‌ని (ప్రత్యర్థిలా ఆడి చూపే జట్టు) నడపాలి, చూడ్డానికొచ్చిన స్కూల్ పిల్లల్ని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకురావాలి.

థర్డ్ డౌన్ ప్రాక్టీసు బుధవారం. మా క్లిప్‌లు మంగళవారం అర్ధరాత్రికి గాని తయారయ్యేవి కావు. కోచ్‌లు పొద్దున్నే లేచి చూసి అప్పటికప్పుడు ప్లాన్ వేసేవాళ్ళు. నా స్నేహితుడొకడు ఎస్‌ఈసీ అనే పెద్ద కాన్ఫరెన్స్ జట్టులో ఇదే పని చేసేవాడు. వాళ్ళు మా లాంటి జట్టుతో ఆడే వారానికే ఆ తర్వాతి ఇద్దరు ప్రత్యర్థుల వీడియో కూడా పూర్తిచేసి పెట్టుకునేవాళ్ళట. మా ఆటగాళ్ళు వాళ్ళ కంటే నెమ్మది అన్నది నిజమే. కానీ థర్డ్ డౌన్‌లో మేం ఏం చేస్తామో వాళ్ళకి ముందే తెలిసిపోతుండేది. అదే నాకు ఎక్కువ బాధ.

టస్కలూసా రావు
అలబామాలో అప్పటి కోచ్ నిక్ సేబన్ ఈ కిటుకు అందరికంటే ముందు పట్టుకున్నాడు. అప్పట్లో మైదానంలో నేర్పే అసిస్టెంట్ల సంఖ్యకి పరిమితి ఉండేది, 2018 నుంచి అది పదిమంది. మైదానం బయట 'ఎనలిస్ట్' పేరుతో ఎంతమందినైనా పెట్టుకోగలిగేవాళ్ళు. 2016లో స్టీవ్ సార్కిసియన్ అలా ఎనలిస్ట్‌గానే వచ్చి, సీజన్ చివరి ఫైనల్‌కి అఫెన్స్ కోఆర్డినేటర్ (దాడి వ్యూహం చూసే కోచ్) అయ్యాడు. టెన్నెసీ తీసేసిన హెడ్ కోచ్ బుచ్ జోన్స్ 35 వేల డాలర్ల జీతానికి అక్కడ పనిచేశాడు. టెన్నెసీ ఇవ్వాల్సిన పరిహారం ఎలాగూ వస్తోంది కాబట్టి అతనికి జీతంతో పనిలేదు. ఒక మాజీ హెడ్ కోచ్ అంత తక్కువకి మీ వీడియో చూసిపెడితే, అవతల గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఒక్కడూ ఏం చేయగలడు?

2024 వేసవిలో ఆ గీత కూడా చెరిపేశారు. ఇప్పుడు సిబ్బందిలో ఎవరైనా ప్రాక్టీసులో, మ్యాచ్‌లో నేర్పొచ్చు. మనుషులు ఎక్కువున్న చోట రెండో వరుస కుర్రాళ్ళకి కూడా పక్కనే నిలబడి పాదం ఎక్కడ వెయ్యాలో చెప్పేవాడు ఉంటాడు. తేడా ఇదివరకటి కంటే పెరిగిందనే నా నమ్మకం.

కొత్త అభిమాని ఫ్రిస్కో
అన్నా, ఒక్క సందేహం. ఆటగాళ్ళకిచ్చే డబ్బుకి ఇప్పుడు పరిమితి వచ్చిందిగా. అది అందరికీ ఒకటే అయితే సమానమైనట్టే కదా?

టస్కలూసా రావు
కాదు తమ్ముడూ. 2025 జూలై 1 నుంచి ఒక్కో విశ్వవిద్యాలయం అన్ని ఆటలకూ కలిపి ఆటగాళ్ళకి నేరుగా డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాదికి పరిమితి 20.5 మిలియన్ డాలర్లు. అది పైకప్పు మాత్రమే. కింద ఇంత ఇచ్చి తీరాలన్న నియమం లేదు. టీవీ డబ్బుతో ఎస్‌ఈసీ, బిగ్ టెన్ లాంటి పెద్ద కాన్ఫరెన్స్‌ల జట్లు ఆ కప్పుని అందుకుంటాయి. చిన్న కాన్ఫరెన్స్ జట్లు కొన్నిటికి మొత్తం క్రీడా బడ్జెట్టే దానికి అటూఇటూగా ఉంటే ఎక్కడ్నుంచి తెస్తారు? పైగా బయటి ప్రకటనల ఒప్పందాలు వేరే. టెక్సస్ టెక్‌కి కోడీ క్యాంప్‌బెల్ లాంటి చమురు కుబేరుడు దన్నుగా నిలిచాడు, 2025లో బిగ్ 12 కాన్ఫరెన్స్ గెలిచారు. అలాంటి దాత అందరికీ దొరకడు.

హంటింగ్టన్ డాక్టర్
మా మార్షల్ యూనివర్సిటీ సంగతి చెప్పాలి. 2024 డిసెంబర్‌లో సన్ బెల్ట్ అనే చిన్న కాన్ఫరెన్స్‌లో ఛాంపియన్ అయ్యాం. ఊరంతా సంబరం. ఆ మర్నాడే కోచ్ చార్లెస్ హఫ్ సదరన్ మిస్ అనే మరో కాలేజీ జట్టుకి వెళ్ళిపోయాడు. వెనకాలే ఆటగాళ్ళు పదులకొద్దీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) దిగారు. ఆర్మీ (సైనిక అకాడమీ) జట్టుతో ఆడాల్సిన ఇండిపెండెన్స్ బౌల్ (సీజన్ చివరి ప్రత్యేక మ్యాచ్) నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, దించడానికి సరిపడా మనుషుల్లేక. కప్పు గెలిచిన వారంలోనే జట్టు లేకుండా పోయింది. కోచ్‌నీ, అతని సిబ్బందినీ కట్టిపడేసే ఒప్పందానికి డబ్బు కావాలి. అది లేని ఊళ్ళో గెలిచినా ఆ గెలుపు నిలవదు.

బ్లూమింగ్టన్ శాస్త్రి
అందరూ ఇంత దిగులుగా రాస్తున్నారు, మా ఇండియానాని చూడండి. 2023లో 3 గెలుపులు, 9 ఓటములు (3-9). కోచ్‌గా కర్ట్ సిగ్నెట్టీ వచ్చాక 2024లో 11-2. 2025లో 16-0, మయామీని 27-21తో ఓడించి జాతీయ ఛాంపియన్. శతాబ్దానికి పైగా ఓటములకే పేరుపడ్డ జట్టు! రోజ్ బౌల్‌లో అలబామాని 38-3తో కొట్టాం.

వీడియో గది
శాస్త్రి గారూ, ఆ ఆట చూసి నేనూ మురిసిపోయాను. అయితే ఆయన ఒంటరిగా రాలేదు కదండీ. ఆయన పాత జట్టు, చిన్న కాన్ఫరెన్స్‌లోని జేమ్స్ మాడిసన్ నుంచి కోఆర్డినేటర్లు బ్రయంట్ హేన్స్, మైక్ షనహన్ వచ్చారు, పదమూడుమంది ఆటగాళ్ళు వచ్చారు. ఒకే భాష మాట్లాడే సిబ్బంది మొత్తం కదిలొచ్చింది. వాళ్ళని పెద్ద జట్లు ఎగరేసుకుపోకుండా ఇండియానా జీతాలు పెంచుతూ వచ్చింది. బిగ్ టెన్ టీవీ డబ్బు లేకపోతే ఆ పని అయ్యేదా? ఈ లెక్కలో జేమ్స్ మాడిసన్ వైపు నుంచి కూడా ఆలోచించాలి.

బ్లూమింగ్టన్ శాస్త్రి
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ డబ్బున్న వాళ్ళందరూ అలా వాడట్లేదు. నార్త్ కరోలైనా ఏడాదికి 10 మిలియన్లకి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన కోచ్ బిల్ బెలిచిక్‌ని తెచ్చింది, మొదటి ఏడాది 4-8.

కాలేజ్ స్టేషన్ 15
మా టెక్సస్ ఏ అండ్ ఎం ఇంకా ఘోరం. 2023లో కోచ్ జింబో ఫిషర్‌ని పంపించడానికే 75 మిలియన్ల పైచిలుకు బాకీ పడ్డాం. అంతకుముందు ఏడాది అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న కాన్ఫరెన్స్ జట్టుకి మేమే 1.5 మిలియన్లిచ్చి పిలిచి, మా గడ్డ మీద 17-14తో ఓడాం. ఆ రోజు నేను స్టాండ్‌లోనే ఉన్నా. వాళ్ళ అఫెన్సివ్ లైన్ (ముందు వరుసలో అడ్డుకునేవాళ్ళు) నాలుగో క్వార్టర్‌లో కూడా అలసిపోలేదు. బంతిని వదలకుండా గడియారం కరిగించేశారు. ఒక్క రోజుకి క్రమశిక్షణతో ఆడితే తేడాని పూడ్చొచ్చు. పన్నెండు వారాలు అలా నిలబడాలంటే గాయాలైనప్పుడు దిగడానికి రెండో వరుస ఉండాలి. చిన్న జట్లు కుదేలయ్యేది అక్కడే.

కిక్కర్ అమ్మ
మా అబ్బాయి ఒక చిన్న కాలేజీలో కిక్కర్, వాకాన్‌గా (స్కాలర్‌షిప్ లేకుండా) చేరాడు. అక్కడ కిక్కింగ్‌కి ప్రత్యేకంగా కోచ్ లేరు. టైట్ ఎండ్‌లని చూసే ఆయనే స్పెషల్ టీమ్స్ (కిక్ పడే ప్లేలకి దిగే జట్టు) కూడా చూస్తారు. ప్రాక్టీసులో మా వాడూ, పంటరూ (బంతిని దూరం తన్నేవాడు), లాంగ్ స్నాపరూ (కిక్కర్ల కోసం బంతిని వెనక్కి విసిరేవాడు) ఓ పక్కకి పోయి ఒకళ్ళనొకళ్ళు ఫోన్‌లో తీసుకుని తప్పులు దిద్దుకుంటారు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకి ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. కానీ ఇలాంటి జట్లకి మ్యాచ్‌లు మూడు పాయింట్ల దగ్గరే తేలతాయి. అక్కడే మనిషి లేకపోతే ఎలా? ఇప్పుడు జట్టుకి 105 మంది అన్న పరిమితి పెట్టాక వాకాన్ పిల్లల పరిస్థితి మరీ అయోమయంగా ఉంది.

నిజామాబాద్ టు ఒహాయో
ఇంకో ముచ్చట. మా చిన్న కాన్ఫరెన్స్ కాలేజీల టీవీ పైసలు తక్కువ. అందుకే స్టూడెంట్ల ఫీజులనే ఆటల ఖర్చు కలుపుతరు. ఎమ్మెస్‌కి వచ్చిన మనోళ్ళు లోన్ తీసుకుని కట్టేదాంట్ల అది కూడా ఉంటది, మ్యాచ్‌కి ఒక్కసారి పోనోళ్ళు కూడా కట్టాలె. స్టేడియం మాత్రం సగం ఖాళీ. ఇంకెంత గుంజుతరు ఫీజుల నుంచి?

బ్లాక్స్‌బర్గ్ 08
అందరికీ థాంక్స్. వీడియో గది గారూ, మా 229 మిలియన్లలో మీ చేతికి కొంత ఇస్తే ముందు ఎక్కడ పెడతారు?

వీడియో గది
క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ముఖ్య ఆటగాడు) మీద కాదు. ముందు ఒక మంచి జనరల్ మేనేజర్. స్టాన్‌ఫర్డ్ తన మాజీ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌ని పెట్టుకుంది చూడండి, ఆటగాళ్ళ ఎంపిక, ఒప్పందాలు అతను చూస్తే కోచ్ కోచింగ్ చేసుకుంటాడు. తర్వాత ప్రతి పొజిషన్‌కీ రెండో కోచ్, అఫెన్సివ్ లైన్‌తో మొదలుపెట్టి. కిక్కర్ అమ్మ గారు చెప్పిన చోట పూర్తికాలం మనిషి ఒకరు. వీడియో గదిలో నలుగురు, నెల జీతం మీద. ఇదంతా కలిపినా ఒక పెద్ద క్వార్టర్‌బ్యాక్ ధరకి దగ్గర్లోనే ఉంటుంది, పైగా వీళ్ళు ఏటా జనవరిలో పోర్టల్‌లోకి వెళ్ళిపోరు.

టస్కలూసా రావు
వెళ్తారు బాబూ, మంచివాళ్ళైతే మా వాళ్ళే లాక్కుపోతారు. రెండేళ్ళకి తక్కువ కాకుండా రాయించుకోండి.