పాత మైక్రోస్కోప్ కటకం మర: 1858 నాటి సొసైటీ కొలతేనా?

అందరికీ నమస్తే. దేవరకొండ దగ్గర ఒక సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్తున్నా. మా ల్యాబ్‌లో ఉన్న పాత ఇత్తడి మైక్రోస్కోప్‌కు కింది ఆబ్జెక్టివ్ (చూసే వస్తువు దిక్కుండే కటకం) బూజు పట్టింది. మిగతాదంతా గట్టిగుంది, పక్కన పడేయాలంటే మనసొప్పుతలేదు.

లండన్‌లో 1839లో మైక్రోస్కోపికల్ సొసైటీ పుట్టింది. తొలి అధ్యక్షుడు రిచర్డ్ ఓవెన్. 1866లో రాయల్ చార్టర్ (రాజరికపు గుర్తింపు పత్రం) వచ్చింది. ఆ రోజుల్లో తయారీదారుకో తీరు మర (కటకాన్ని గొట్టానికి బిగించే స్క్రూ చుట్లు) ఉండేది, ఒకరి కటకం ఇంకొకరి గొట్టానికి ఎక్కకపోయేది. 1858లో సొసైటీ ఒకే కొలత ఖాయం చేసింది: వ్యాసం సుమారు 20.3 మిల్లీమీటర్లు, అంగుళానికి 36 చుట్లు. ఇప్పటికీ ఎన్నో స్కూలు మైక్రోస్కోప్‌లలో అదే మర. నా లెక్కల సొసైటీ చేసిన అన్ని పనుల్లో ఇదే గొప్పది, ఎందుకంటే దాని లాభం మా ఊరి బడి దాకా వచ్చింది.

మా దానిమీద కంపెనీ పేరు లేదు. పాత ఆబ్జెక్టివ్ విప్పి వెర్నియర్ కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) కొలిస్తే వ్యాసం దగ్గరగానే వచ్చింది. అంత సన్నటి చుట్లను సరిగ్గా లెక్కపెట్టేదెట్ల? ఈ మరకు సరిపోయే 10ఎక్స్ ఆబ్జెక్టివ్ నల్లగొండలోగాని హైదరాబాద్‌లోగాని ఎక్కడ దొరుకుతది? ఆ సొసైటీ పాత జర్నల్ సంచికలు మన దగ్గర ఏ లైబ్రరీలోనైనా చూసినోళ్లుంటే దయచేసి చెప్పండి, పిల్లలకు చూపించాలె.