అప్‌డేట్: ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోవడం, సమస్య తీరింది

పోయిన నెల అడిగాను కదా, వీడియో కాల్ మొదలైన పది నిమిషాలకే నా నాలుగేళ్ల ల్యాప్‌టాప్ 97 డిగ్రీలకు ఎక్కి దానంతటదే ఆగిపోతోందని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. లోపల దుమ్ము చూడమన్నవాళ్లదే కరెక్ట్. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో విప్పించాను. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది కానీ గాలి బయటికి పోయే చోట హీట్‌సింక్ (లోపలి వేడిని లాగే లోహపు భాగం) రేకుల ముందు దుమ్ము, మా పిల్లి వెంట్రుకలు కలిసి దుప్పటి ముక్కలా అట్టకట్టాయి, బయటి నుంచి ఎంత ఊదినా అది కదిలేది కాదట. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ కూడా ఎండి సుద్దలా రాలింది, కొత్తది పూశారు. మొత్తం 700 రూపాయలు. ఇప్పుడు అదే కాల్‌లో 72 దాటట్లేదు. అంతకుముందు చేసి చూసిన విండోస్ మళ్లీ వేయడం, బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ అవగానే నడిచే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ దేనికీ పనికిరాలేదు. ల్యాప్‌టాప్ కింద పెట్టే కూలింగ్ ప్యాడ్‌తో రెండు మూడు డిగ్రీలు తగ్గింది, అంతే. దాని మీద ఇప్పుడు పిల్లి పడుకుంటోంది.